మోటారు పందెముల సజ్జనుడు - రాల్ఫ్ డి పాల్మా

లోకమున జయము పొందినవారి చరిత్రములు విరివిగా దొరకును. పందెమున అందరికంటె ముందు చేరినవాని పేరు పలకల మీద చెక్కబడును. వాని వెనుక వచ్చినవాని పేరు మరునాటికే మరుగున పడును. ఇది లోకరీతి. కాని 1912వ సంవత్సరమున అమెరికా దేశమందు జరిగిన ఒక గొప్ప మోటారు పందెమును గూర్చి మాటలాడునపుడు జనులు గెలిచినవానికంటె ముందుగా ఓడినవానినే తలచుకొనుచున్నారు. ఆ ఓడినవాడే రాల్ఫ్ డి పాల్మా. ఆయన పరదేశమునుండి వచ్చిన కుటుంబములోని బిడ్డడు. ధనబలముగాని బంధుబలముగాని లేనివాడు. అట్టివాడు తన కాలపు మోటారు పందెములలో మిక్కిలి గౌరవింపబడిన వారిలో ఒకడెట్లాయెనో మా విద్యార్థులకు తెలుపవలెనని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

డి పాల్మా 1882వ సంవత్సరమున ఇటలీ దేశపు దక్షిణ భాగమందలి అపూలియా సీమలో జన్మించెను. ఆ సీమ పొలములు నమ్ముకొని బ్రదుకు బీదలసీమ. ఆ కాలమున అక్కడివారు లక్షలకొలది జీవనోపాధికై ఓడలెక్కి అమెరికాకు తరలిపోవుచుండిరి. డి పాల్మా తలిదండ్రులును పిల్లలతో అట్లే తరలి న్యూయార్కు చేరిరి. అట్లు క్రొత్తగా వచ్చినవారిని ఆ దేశపువారు అంతగా ఆదరింపలేదు. వారి మాటతీరు వేరు, తిండి వేరు, దుస్తులు వేరు. కూలిపనులు వారికి దొరకెను గాని గౌరవము దొరకుట దుర్లభముగా నుండెను. ఇట్టి స్థితిలో పెరిగిన బాలుడు రెండు విధములలో ఒక విధముగా మారుటకు అవకాశము కలదు. లోకముపై కసి పెంచుకొని ఎట్లయినను గెలువవలెననుకొనవచ్చును. లేదా తన నడతచేతనే లోకుల నోళ్లు మూయింపవచ్చును. డి పాల్మా రెండవ త్రోవ పట్టెను.

ఆయన మొదట సైకిలు పందెములలోను, తరువాత మోటారు సైకిలు పందెములలోను పాల్గొనెను. 1908, 1909 సంవత్సరముల ప్రాంతమున మోటారు బండ్ల పందెములలో ప్రవేశించెను. అప్పటి మోటారు పందెము ఎట్టిదో నేటి పిల్లలకు ఊహించుట కష్టము. బండికి పైకప్పు లేదు. నడుపువాడు కూలబడకుండ పట్టియుంచు పట్టీలు లేవు. తలకు గట్టి టోపీ లేదు; తోలు టోపీయో గుడ్డ టోపీయో ధరించి, దుమ్ము పడకుండ కండ్లజోడు పెట్టుకొనెడివారు. టైరులు కొలది మైళ్లకే అరిగి పగిలెడివి. నడుపువాని ప్రక్కను మెకానికు ఒకడు కూర్చుండెడివాడు. వెనుకనుండి వచ్చు బండ్లను చూచి చెప్పుట, టైరులను కనిపెట్టుట, చమురును చేతితో కొట్టి ఇంజనుకు అందించుట అతని పనులు. ఇద్దరి ప్రాణములును ఆ నడుపువాని చేతిలో నుండెడివి. అంతేకాదు, ప్రక్కన పోవు ప్రతి బండిలోనివారి ప్రాణములును కొంతవరకు ఆయన చేతిలోనే యుండెడివి.

కావున ఆ పందెములలో జాగ్రత్త యనునది పిరికితనము కాదు. తోటివారియెడల చూపవలసిన ధర్మము. ఈ సంగతి నాటి జనులకు వెంటనే తోచలేదు. వారికి ఆర్భాటము ప్రియము. బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ అను ప్రసిద్ధుడు పంటిక్రింద చుట్ట నొక్కిపట్టి బండి నడుపుచు, ఊరూర జనసమూహముల నుఱ్ఱూత లూగించుచుండెను. 1903వ సంవత్సరమున ఒక మైలు చుట్టుబాటను ఒక్క నిమిషములోపల చుట్టివచ్చి అమెరికాలో ఆ పని చేసిన మొదటివాడని ఆయన పేరు గడించెను. డి పాల్మా ఇట్టి ఆర్భాటము నెఱుగడు. బండి శక్తి ఎంతో, టైరుల ఓపిక ఎంతో, ముందున్న దూరమెంతో లెక్కించుకొని నడుపుటయే ఆయన పద్ధతి.

1909వ సంవత్సరమున ఇండియానా రాష్ట్రమందలి ఇండియానాపోలిస్ నగరమున రెండున్నర మైళ్ల పందెపుబాట ఏర్పడెను. మొదట వేసిన కంకర లేచిపోయి ప్రమాదములు కలుగగా, ఆ సంవత్సరమే సుమారు 32 లక్షల ఇటుకలు పరచి బాటను గట్టిపరచిరి. అక్కడ 1911వ సంవత్సరమునుండి 500 మైళ్ల పందెము జరుగజొచ్చెను. ఆ బాటను 200 మార్లు చుట్టవలెను. మొదటి సంవత్సరమున డి పాల్మా ఆరవవాడుగా నిలిచెను.

1912వ సంవత్సరము మే నెల 30వ తేదీన రెండవ పందెము జరిగెను. డి పాల్మా మెర్సిడెస్ బండిని నడిపెను. ఆయన ప్రక్కను ఆస్ట్రేలియా దేశస్థుడైన రూపర్ట్ జెఫ్‌కిన్స్ మెకానికుగా కూర్చుండెను. మూడవ చుట్టునందే డి పాల్మా ముందునకు వచ్చెను. ఆ తరువాత గంటలు గడచిన కొలదియు ఆయనను మించగలిగినవాడు లేకపోయెను. వెనుకవాడు ఆయనకు అనేక చుట్ల దూరమున నుండెను. పందెము ముగియవచ్చుచుండగా విజయము ఆయనదేయని చూపరులు నిశ్చయించుకొనిరి.

ఇంక కొలది చుట్లే మిగిలియుండగా ఇంజనులో కనెక్టింగు రాడ్డు విరిగెను. పిస్టనును, దాని క్రింద తిరుగు ఇరుసును కలుపు ఇనుపకడ్డీ అది. అది విరిగినచో లోపల వీరంగమాడి ఇంజను పెట్టెనే పగులగొట్టును, చమురంతయు కారిపోవును. డి పాల్మా వేగము తగ్గించి, గాయపడిన గుఱ్ఱమును నడిపించినట్లు బండిని నడిపించుచు వచ్చెను. వెనుకనున్న జో డాసన్ అను 22 ఏండ్ల యువకుడు నేషనల్ అను బండిలో ఒక్కొక్క చుట్టే పూరించుకొనుచు సమీపించెను. తుదకు మెర్సిడెస్ బండి బాటమీద నిలిచిపోయెను. అప్పటికి ఆయన 200 చుట్లలో 196 చుట్లు అందరికి ముందుండి నడిపియుండెను.

ఇట్టి సమయమున మనుష్యుడేమి చేయును? బండిని కాలితో తన్నవచ్చును. తల పట్టుకొని కూర్చుండవచ్చును. ఎవరినో దూషింపవచ్చును. డి పాల్మాయును జెఫ్‌కిన్సును బండి దిగిరి. ఇద్దరును వెనుకనుండి ఆ బరువైన యంత్రమును చేతులతో నెట్టుట మొదలిడిరి. ఎండలో, చెమటలు కారుచు, ఇటుకల బాటమీద నెట్టుకొనుచు ప్రేక్షకులు కూర్చున్న గ్యాలరీల ముందునకు వచ్చిరి. వారు నెట్టుచుండగా డాసన్ బండి పందెమును ముగించి గెలిచెను. తాము నెట్టినను బహుమానము రాదని వారిద్దరికిని తెలియును. పూనిన పనిని చేతనైనంతవరకు కొనసాగింపవలెనను తలంపే వారిని నడిపించెను. గ్యాలరీలలోని వేలకొలది జనులు లేచి నిలిచి, గెలిచినవానికి చేసినంత జయజయధ్వానమును వారికిని చేసిరి. డి పాల్మా ముఖమున చిరునవ్వుతో విజేతను అభినందించెను.

డాసన్‌కు 20,000 డాలర్ల బహుమానము లభించెను. ముందుండి నడిపినది చివరి రెండు చుట్లే యైనను, న్యాయముగా గెలిచినవాడతడే. డి పాల్మా పదునొకండవ స్థానమున లెక్కింపబడెను. ఆ దినముననే రాల్ఫ్ మల్ఫర్డ్ అను మరియొకడు పదవ బహుమానమునకై, అందరును వెడలిపోవుచున్నను బండి నడుపుచునే యుండి, దాదాపు తొమ్మిది గంటల కాలమునకు 500 మైళ్లను పూర్తిచేసెను. పట్టుదలకు అదియు నొక మచ్చుతునకయే.

ఈ కథ చాలమందికి తెలిసినదే. కాని డి పాల్మా గుణమునకు అసలైన పరీక్ష ఆ సంవత్సరమే మరి నాలుగు నెలలకు వచ్చెనని మా అభిప్రాయము.

1912వ సంవత్సరము అక్టోబరు నెలలో విస్కాన్సిన్ రాష్ట్రమందలి మిల్వాకీ నగరము చెంత రెండు గొప్ప పందెములు ఏర్పాటయ్యెను. వానికి ముందే అభ్యాసము చేయుచు డేవిడ్ బ్రూస్-బ్రౌన్ అను యువకుడు మరణించెను. అతడు అంతకు ముందు రెండు సంవత్సరములును అమెరికా గ్రాండ్ ప్రైజ్ పందెమును గెలిచినవాడు. ఇట్టి విషాదము నడుమ డి పాల్మా వాండర్‌బిల్ట్ కప్పు పందెమును గెలిచెను. కొలది దినములకు గ్రాండ్ ప్రైజ్ పందెము జరిగెను. దాని చివరి చుట్టులో ఫియట్ బండి నడుపుచున్న కేలబ్ బ్రాగ్ ముందుండగా, డి పాల్మా అతనిని దాటుటకు యత్నించెను. రెండు బండ్లును తగులుకొనెను. డి పాల్మాయు ఆయన మెకానికును దూరముగా విసరివేయబడిరి. డి పాల్మాకు తగిలిన గాయములు ఘోరమైనవి. ఆయన బ్రదుకుట కష్టమని చూచినవారు భయపడిరి. బ్రాగ్ గమ్యము చేరి గెలిచెను.

ఇక్కడ మా చదువరులు ఒక నిమిషము నిలిచి ఆలోచింపవలెను. జనుల దృష్టికి కనబడినదేమి? ముందున్నవాడు గెలిచెను, వెనుకనున్నవాడు చావుబ్రదుకులలో పడియుండెను. త్రోవ ఈయక అడ్డగించెనని బ్రాగ్ మీద నింద మోపుటకు ఇంతకంటె తగిన సమయము లేదు. డి పాల్మా నోరు మెదపక ఊరకున్నను చాలును, ఆ నింద తనంతట తానే మొలకెత్తి పెరిగియుండును. బ్రాగ్ గెలుపునకు చెరగని మచ్చ పడియుండును. కాని డి పాల్మా ఆ బాధలోనే తన చుట్టును మూగినవారికి స్పష్టముగా తెలిపెను: తప్పు బ్రాగ్‌ది కాదు, అతడు తనకు కావలసినంత త్రోవ ఇచ్చెను, నిందింపవలసినచో తననే నిందింపవలెను. ఇట్లు చెప్పుటవలన ఆయనకు వచ్చు లాభమేమియు లేదు. తాను మరణించినచో ఎదుటివాని బ్రదుకు చెడకుండవలెనను ఒక్క తలంపే ఆయనచేత ఆ మాట పలికించెను.

ఇండియానాపోలిస్‌లో బండిని నెట్టినది శరీరబలము, పట్టుదల. మిల్వాకీలో సత్యమును పలికినది హృదయబలము. మొదటిది వేలమంది కన్నులయెదుట జరిగెను. రెండవది రక్తము కారుచుండగా కొలదిమంది నడుమ జరిగెను. రెండింటిలో ఏది గొప్పదని మమ్ము నడిగినచో మేము రెండవదే గొప్పదందుము. తోడి పందెగాండ్రు ఆ తరువాత ఆయనయెడ చూపిన నమ్మకమునకు మూలమిదియే. ప్రక్కన డి పాల్మా బండి వచ్చుచున్నదన్న అన్యాయము జరుగదని వారు ధైర్యముగా నుండవచ్చును.

ఆయన గాయములు మానెను. తరువాత మెర్సర్ అను బండ్ల కంపెనీవారి పందెపు జట్టునకు ఆయన నాయకుడాయెను. కంపెనీవారు ఓల్డ్‌ఫీల్డ్‌ను కూడ ఆ జట్టులో చేర్చుకొనగా, డి పాల్మా తన పదవిని విడిచి వెళ్లిపోయెను. 1914వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి సాంటా మోనికాలో వాండర్‌బిల్ట్ కప్పు పందెము జరుగగా, ఓల్డ్‌ఫీల్డ్ క్రొత్త మెర్సర్ బండితో వచ్చెను. డి పాల్మాకు తన పాత మెర్సిడెసే గతి ఆయెను. పందెమంతయు వారిరువురి నడుమ పోరాటముగా సాగెను. ఓల్డ్‌ఫీల్డ్ బండి టైరులు అరిగిపోవుచున్నవని డి పాల్మా కనిపెట్టెను. చివరి భాగమున ఆయన, తాను ఆగబోవుచున్నట్లు తన మనుష్యులకు చేతితో సైగ చేసెను. అది చూచిన ఓల్డ్‌ఫీల్డ్, ఇదే తగిన సమయమని తలచి టైరులు మార్చుకొనుటకు ఆగెను. డి పాల్మా ఆగలేదు, సాగిపోయి గెలిచెను.

ఇది కపటము కాదాయని మా విద్యార్థులలో ఎవరైన అడుగవచ్చును. తగిన ప్రశ్నయే. చెడుగుడు ఆటలో కూతకు పోయినవాడు కుడివైపు వంగినట్లు నటించి ఎడమవైపు వానిని తాకినచో మనము దానిని మోసమందుమా? ఆటలోని నేర్పు అందుము. ఎదుటివానిని చూచి తన పని తాను నిర్ణయించుకొను స్వేచ్ఛ ఓల్డ్‌ఫీల్డ్‌కు ఉండనే యుండెను. డి పాల్మా అతని త్రోవ కడ్డుపడలేదు, అతని బండిని తాకలేదు, నియమమును మీరలేదు. బుద్ధితో ఎదుటివానిని గెలుచుట వేరు. అతనికి హాని చేసి గెలుచుట వేరు. ఈ రెంటికి నడుమనున్న గీతను ఎఱిగినవాడే మంచి ఆటగాడు.

1914వ సంవత్సరము వేసవిలో డి పాల్మా ఐరోపాకు పోయి, ఆ యేటి ఫ్రాన్సు దేశపు గ్రాండ్ ప్రీ పందెములో మొదటి మూడు స్థానములను గెలిచిన తరగతికి చెందిన మెర్సిడెస్ బండి నొకదానిని సంపాదించెను. మహాయుద్ధము ప్రారంభమగుచున్న కాలమున ఆ బండి అమెరికా చేరెను. ఆ బండితోనే 1915వ సంవత్సరమున ఆయన మరల ఇండియానాపోలిస్ పందెమున నిలిచెను. వానలవలన పందెము రెండు దినములు వాయిదాపడి మే నెల 31వ తేదీన జరిగెను. ప్యూజో బండి నడిపిన డేరియో రెస్టా ఆయనకు గట్టి పోటీదారుడు. పోరు చాలసేపు సాగిన తరువాత డి పాల్మా ముందంజ వేసెను.

ఇంక మూడు చుట్లు మాత్రమే మిగిలెను. అప్పుడు, మూడేండ్ల క్రిందట జరిగినట్లే, కనెక్టింగు రాడ్డు విరిగెను! ఆ క్షణమున ఆయన మనస్సున 1912వ సంవత్సరపు జ్ఞాపకము మెదలకుండునా? కాని ఆయన తొందరపడలేదు. నాలుగు సిలిండర్లలో మూడింటితోనే, ఇంజను ఎంత మోయగలదో అంతయే మోపి నడిపించెను. ఈ పర్యాయము బండి నిలువలేదు. గంటకు 89.84 మైళ్ల సగటు వేగముతో ఆయన గెలిచెను. ఆ వేగమును 1922వ సంవత్సరమువరకు ఆ పందెమున ఎవ్వరును మించలేదు.

జాగ్రత్తపరునకు ఎల్లప్పుడును జయమే కలుగునని మేము చెప్పజాలము. 1920వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు బల్లో బండితో అదే పందెమును దాదాపు గెలిచినంత పనియై, చివరి చుట్లలో బండి మొండికేయగా ఆయన అయిదవవాడాయెను. మరుసటి యేట సగమునకు మించి ముందుండి నడిపినను యంత్రము చెడి విరమింపవలసివచ్చెను. ఆ బాటమీద ఆయన మొత్తము 612 చుట్లు అందరికి ముందుండి నడిపెను. ఈ లెక్క అరువది ఏండ్లకు పైగా ఎవ్వరును మించలేనిదై నిలిచెను. అయినను ఆయనకు అక్కడ దక్కిన విజయము ఒక్కటియే. కష్టమునకు తగిన ఫలము ప్రతిదినమును లభింపదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

అట్లని ఆయనకు జయములు కొదువయని తలపరాదు. 1919వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన ఫ్లోరిడా రాష్ట్రమందలి డేటోనా సముద్రతీరమున ప్యాకార్డు బండిని గంటకు 149.875 మైళ్ల వేగముతో నడిపి అందరిని ఆశ్చర్యపరచెను. 1920వ సంవత్సరమున ఆయన అమెరికా పౌరుడాయెను. 1921వ సంవత్సరపు ఫ్రాన్సు గ్రాండ్ ప్రీలో జిమ్మీ మర్ఫీ అను అమెరికా దేశస్థుడు గెలువగా, డి పాల్మా రెండవవాడాయెను. ఆయన మేనల్లుడు పీటర్ డి పావలో మొదట మామ ప్రక్కను మెకానికుగా కూర్చుండి పని నేర్చుకొనెను. ఆ మేనల్లుడే 1925వ సంవత్సరమున ఇండియానాపోలిస్ పందెమును గంటకు 101.13 మైళ్ల సగటుతో గెలిచెను. అక్కడ 100 మైళ్ల సగటును దాటిన మొదటివాడతడే. గురువుచేతికి రానివి శిష్యునిచేతికి వచ్చుట గురువునకు నష్టము కాదుగదా.

రాల్ఫ్ డి పాల్మా 1956వ సంవత్సరము మార్చి 31వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రమందలి సౌత్ పాసడీనాలో మరణించెను. ఎందరినో బలిగొన్న ఆ పందెములలో ఏండ్లతరబడి పాల్గొనియు ఆయన 73 ఏండ్లు జీవించుట గమనింపదగినది.

మా విద్యార్థులలో కొందరు ఈ పాఠశాలకు దూరపు ఊళ్లనుండి వచ్చి, క్రొత్తవారుగా హాస్టలులో చేరినవారు. క్రొత్తవాడు గౌరవము సంపాదించుటకు గట్టిగా అరువనక్కరలేదు, పాతవారిని త్రోసివేయనక్కరలేదు. తన పనిని శ్రద్ధగా చేసిన చాలును. తలిదండ్రులకును మా మనవి ఒకటి కలదు. ఆటలదినమున బిడ్డడు ఇంటికి వచ్చినపుడు బహుమతి వచ్చినదా యని మాత్రమే అడుగక, గెలిచినవానిని అభినందించితివా యనికూడ అడుగుడు.

ఆటస్థలమున ఒకడు తగిలి మరియొకడు పడును. పడినవాని మోకాలినుండి రక్తము కారుచుండును. చుట్టును మూగినవారు, నిన్ను త్రోసినదెవడని అడుగుదురు. వాడు త్రోయలేదు, నేనే తగిలి పడితినని ఉన్నమాట చెప్పగల బాలుడు, ఆ దినమున పందెము గెలువకున్నను, డి పాల్మా వంశములోనివాడే యని మేము తలంతుము.